పులియటానికి ఒక రాత్రి

మా ఇంట్లో పులిసేవి రెండే. ఒకటి దోసెల పిండి, రెండోది ఒళ్లు.

మా అమ్మది నంద్యాల దగ్గర పల్లె. అలవాటు లేని పని చేసి మర్నాడు ఎవరైనా కుంటుతుంటే "ఏం నాయనా, కాళ్లు పులిసినాయా?" అని అడుగుతుంది. నొప్పి అనదు. ఆమె లెక్కలో తలకి వచ్చేది పోటు, పుండుకి వచ్చేది సలుపు, కీళ్లకి వచ్చేది పీకుడు. ఈ మూడింటికీ మందు కావాలి. పులిసినదానికి ఏ మందూ అక్కర్లేదు. వేన్నీళ్లు పోసుకుని, మర్నాడు మళ్లీ అదే పనికి పోతే అదే పోతుంది.

జిమ్‌లో దీన్ని డామ్స్ అంటారు. ఆలస్యంగా మొదలయ్యే కండరాల నొప్పి అని చెప్పే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు అవి. కొత్తగా చేరినవాళ్లు రెండో రోజు మెట్లు దిగలేక గోడ పట్టుకుంటే మా ట్రైనర్ నవ్వుతాడు. "డామ్స్ బ్రో. ల్యాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది. రెండ్రోజుల్లో పోద్ది." ల్యాక్టిక్ యాసిడ్ అంటే పెరుగుని పుల్లగా చేసేదే. దోసెల పిండిని పులియబెట్టే బ్యాక్టీరియాలో చాలావరకు తయారుచేసేదీ అదే. అంటే బయాలజీ పుస్తకం తెరవని మా అమ్మ, సర్టిఫికేట్ ఉన్న ట్రైనర్ ఒకే మాట చెప్తున్నారన్నమాట. ఇంత చక్కగా కుదిరిన వివరణ నిజం కాదని తెలిస్తే ఎవరికైనా కొంచెం బెంగగానే ఉంటుంది.

కానీ నిజం కాదు. ఈ ల్యాక్టిక్ యాసిడ్ కథకి పునాది కప్ప కండరాల మీద చేసిన ప్రయోగాలు. 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఇద్దరు అలిసిపోయిన కప్ప కండరంలో ఈ ఆమ్లం పేరుకోవటం చూపించారు. కండరంలో వేడి, ఆక్సిజన్, ఈ ఆమ్లం లెక్కలు తేల్చినందుకు 1922 నోబెల్ బహుమతిని హిల్, మేయర్‌హాఫ్ పంచుకున్నారు. అలసటకీ ఆమ్లానికీ అలా ముడిపడింది. అక్కణ్ణుంచి ఆ ముడి మర్నాటి నొప్పికి కూడా పాకింది. చిక్కల్లా టైముతోనే. పరిగెత్తినప్పుడు రక్తంలో పెరిగిన లాక్టేట్, ఆగిన తర్వాత గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి మాత్రం మర్నాడు మొదలై రెండో రోజో మూడో రోజో పతాక స్థాయికి చేరుతుంది. దొంగ ఊరు దాటిపోయిన మర్నాడు జరిగిన దొంగతనం ఇది.

1983లో అమెరికాలో కొందరు పరిశోధకులు దీన్ని నేరుగానే పరీక్షించారు. ట్రెడ్‌మిల్ మీద 45 నిమిషాలు పరిగెత్తించారు, ఒకసారి సమతలం మీద, ఒకసారి పల్లానికి. సమతలం మీద పరిగెత్తినప్పుడు లాక్టేట్ బాగా పెరిగింది, తర్వాత నొప్పి రాలేదు. పల్లానికి పరిగెత్తినప్పుడు లాక్టేట్ పెరగలేదు, కాళ్లు మాత్రం పట్టేశాయి. ఆమ్లం మీద పెట్టిన కేసు అక్కడితో కొట్టేసినట్టే. అయినా జిమ్ముల్లో ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

మరి మా అమ్మ మాట? పులుపు దగ్గర ఆ మాట తప్పిందేమో గానీ, టైము దగ్గర సరిగ్గా సరిపోయింది. పిండి రుబ్బగానే పులవదు. మూతపెట్టి వదిలేయాలి, ఒక రాత్రి గడవాలి. ఒళ్లూ అంతే. పని చేసిన పూట ఏమీ తెలియదు, తెల్లారి మంచం దిగేటప్పుడు తెలుస్తుంది.

*

ఏ పనికి పులుస్తుంది, దేనికి పులవదు అనేది ఇంకా ఆసక్తికరమైన సంగతి. 1902లో థియొడోర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చేతివేళ్ల కండరాలతో ప్రయోగాలు చేసి, పని చేస్తుండగానే వచ్చే నొప్పి వేరు, మర్నాడు వచ్చేది వేరు అని గుర్తించాడు. రెండోదానికి కారణం కండరం లోపల ఎక్కడో జరిగే చిరుగులు అయ్యుండాలని ఊహించాడు. ఆ చిరుగుల్ని కళ్లతో చూడటానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. 1981లో స్వీడన్‌లో ఫ్రిడెన్, ఆయన సహచరులు కొంతమంది చేత పదేపదే మెట్లు దిగించి, తర్వాత వాళ్ల కండరాల్లోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. మెట్లు ఎక్కించలేదని గమనించండి, దిగించారు.

కండరం కుదించుకుంటూ పనిచేయటం ఒక పద్ధతి. బరువు ఎత్తటం, మెట్లు ఎక్కటం లాంటివి. కండరం సాగుతూ, ఆ సాగటాన్ని అడ్డుకుంటూ పనిచేయటం ఇంకో పద్ధతి. బరువు మెల్లగా దించటం, మెట్లు దిగటం, కుర్చీలో దబ్బున పడకుండా కూర్చోవటం. ఈ రెండోది బ్రేకు వేసే పని. స్కూల్లో మనందరి చేతా తీయించిన గుంజీళ్లు గుర్తు తెచ్చుకోండి. మర్నాడు తొడలు పట్టేయటానికి ముఖ్య కారణం లేవటం కంటే కూర్చోవటమే. తిరుమలకి అలిపిరి దారిన 3550 మెట్లు ఎక్కి బస్సులో దిగినవాళ్లనీ, తిరిగి ఆ మెట్ల మీదుగానే దిగొచ్చినవాళ్లనీ మర్నాడు పక్కపక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది. ఆయాసం ఎక్కేటప్పుడు వస్తుంది. ఒళ్లు ఎక్కువగా పులిసేది దిగినందుకు.

మైక్రోస్కోపులో ఏం కనపడిందంటే, మన కండరపు పోగు నిండా మిల్లీమీటరులో కొన్ని వందో వంతు కూడా ఉండని చిన్న గదులు వరసగా ఉంటాయి. గదికీ గదికీ మధ్య నిటారు గీత. బ్రేకు పని చేసిన కండరంలో ఆ గీతలు అక్కడక్కడా వంకరపోయి, పక్కకి ఒలికినట్టు కనిపించాయి. సాగుతున్న గదుల్లో బలహీనమైనవి ముందు చిరిగిపోతాయి. తర్వాత రిపేరు బృందం వస్తుంది: రక్తం లోంచి కణాలు, వాపు, రకరకాల రసాయనాలు. ఇవి అక్కడి నరాల కొసల్ని సున్నితం చేస్తాయి. అందుకే కదలకుండా కూర్చుంటే నొప్పి ఉండదు, కదిలినా నొక్కినా ఉంటుంది. ఎంత చిరిగిందో అంతే నొప్పి ఉండాలనే నియమం కూడా లేదు. కొద్దిగా దెబ్బతిని ఎక్కువ నొప్పి పెట్టే కండరాలున్నాయి, బాగా దెబ్బతిని పెద్దగా చెప్పుకోనివీ ఉన్నాయి.

ఇంకొక ప్రయోగం గురించి చెప్పాలి. 1952లో ఇంగ్లండులో అబ్బట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు రెండు సైకిళ్లని వెనకా వెనకా నిలబెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకి తొక్కుతుంటే, రెండోవారి పెడల్స్ వెనక్కి తిరుగుతాయి. రెండోవారి పని దాన్ని అడ్డుకోవటం. ఇద్దరి కాళ్ల మీదా పడే బలం ఒకటే, వేగం ఒకటే. కానీ అడ్డుకునేవారికి ఖర్చయ్యే ఆక్సిజన్ తొక్కేవారికంటే చాలా తక్కువ. తొక్కేవారికి చెమటలు పడుతుంటే అడ్డుకునేవారు తీరిగ్గా కూర్చున్నట్టు కనపడతారు.

నాకు ఈ బొమ్మ మనసులోంచి పోవటం లేదు. బ్రేకు వేసే పనికి ఊపిరి తక్కువ ఖర్చవుతుంది, కండరం ఎక్కువ చిరుగుతుంది. చూసేవాళ్లకి అది పనిలా కనపడదు. చేసేవాళ్లకి కూడా ఆ పూట అనిపించదు.

*

నాలుగేళ్ల కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు. మాట చాలావరకు తిరిగొచ్చింది, కాలు రాలేదు. ఆయన బరువు 72 కిలోలు. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంలోకి, మళ్లీ వెనక్కి. రోజుకి పది పన్నెండు సార్లు లేపి దించాలి. ఆ పని అమ్మ చేసేది. నేను ఇంట్లో ఉన్నప్పుడు చేతులు వేసేవాణ్ణి గానీ, ఎప్పుడు ఎక్కడ పట్టుకోవాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. సాయం చేయబోతే అడ్డమయ్యేవాణ్ణి.

పోయిన ఏడాది అమ్మకి కంట్లో శుక్లాలకి ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు వంగకూడదు, బరువులు ఎత్తకూడదు అన్నారు. నేను ఆఫీసులో చెప్పి ఇంటి నుంచే పనిచేస్తూ నాన్నని చూసుకున్నాను. అప్పటికి నేను మూడేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను. నేల మీంచి 90 కిలోలు లేపగలను. 72 కిలోలు ఏ లెక్క?

రెండో రోజు పొద్దున పళ్లు తోముకోవటానికి చెయ్యి పైకెత్తలేకపోయాను. తొడల ముందు భాగం, మోచేతుల లోపలి వైపు, వీపు పైన, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ పట్టేసింది. మూడో రోజుకి ఇంకా ఎక్కువైంది. అమ్మ సోఫాలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని నా నడక చూసింది.

"పులిసినాయా?"

"జిమ్‌లో ఇంతకంటే ఎక్కువే ఎత్తుతానమ్మా."

"ఎత్తేది ఒక్క నిమిషం పని నాయనా. దించేదే కష్టం. సామానైతే కింద పడేస్తావు. మనిషిని పడేస్తావా?"

ఆ సైకిళ్ల ప్రయోగం మొత్తం ఈ మూడు ముక్కల్లో ఉంది. జిమ్‌లో ఇనుముని పైకి లేపి, కిందికి దాదాపు వదిలేస్తాం. రబ్బరు నేల దాన్ని పట్టుకుంటుంది. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు నేల పని కూడా నేనే చెయ్యాలి. ఆఖరి అంగుళం దాకా బ్రేకు మీద ఉండాలి, పైగా ఆయనకి భయం వెయ్యకుండా. జిమ్‌లో నా ఒళ్లు నేర్చుకున్నది జిమ్ పనే. ఒళ్లు ఏ కదలికని ఏ పొడుగులో ఎంత సాగనిస్తూ చేసిందో దానికే సిద్ధమవుతుంది. పక్క పని వస్తే దాదాపు మళ్లీ మొదటి తరగతే.

ఎనిమిదో రోజుకల్లా నాకు నొప్పి పోయింది. పని తగ్గలేదు. అదే 72 కిలోలు, అదే పన్నెండు సార్లు. దీనికి కూడా శాస్త్రంలో పేరుంది. ఒకే రకమైన బ్రేకు పనిని కొద్ది రోజుల తర్వాత రెండోసారి చేస్తే చిరుగులూ నొప్పీ బాగా తగ్గిపోతాయి. మొదటిసారి పడ్డ దెబ్బే టీకాలా పనిచేస్తుంది, దాని రక్షణ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. నరాలు పనిని ఎక్కువ పోగుల మీదకి పంచుతాయని, పోగుల చుట్టూ ఉండే అల్లిక గట్టిపడుతుందని, సాగటానికి వీలుగా కొత్త గదులు చేరతాయని రకరకాల వివరణలున్నాయి. బహుశా అన్నీ కొంత కొంత నిజమే. "రేపు మళ్లీ చేస్తే అదే పోతుంది" అని నాట్లకి వెళ్లే ఆడవాళ్లు మొదటి వారంలో ఒకరికొకరు చెప్పుకునే ధైర్యం ఇదే.

మిగతా చిట్కాల కంటే ఇదే గట్టిది. వ్యాయామానికి ముందూ వెనకా ఒళ్లు సాగదీసుకోవటం వల్ల మర్నాటి నొప్పి తగ్గేది నామమాత్రం అని ప్రయోగాలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. మర్దన కొంత నయం. మెల్లగా కదులుతూ ఉంటే కదిలినంతసేపూ హాయి. కొత్త పని ఏదైనా కొద్దిగా మొదలుపెట్టి వారం వారం పెంచుకోవటమే అసలు మందు.

అలా చెయ్యకపోతే ఏమవుతుందో మా ఆఫీసులో చూశాం. టీమ్‌లో ఎవరో స్క్వాట్స్ పోటీ పెట్టారు. రెండేళ్లుగా కుర్చీ వదలని ఒక కుర్రాడు పట్టుదలగా మూడొందలు తీశాడు. మర్నాడు అందరూ "డామ్స్, డామ్స్" అని నవ్వారు. మూడో రోజు తొడలు బిగిసి ఉబ్బాయి, మూత్రం కోలా రంగులో వచ్చింది. ఆసుపత్రిలో అయిదు రోజులు సెలైన్లు ఎక్కించారు. కండరాలు మరీ ఎక్కువగా చిట్లితే లోపలుండే మయోగ్లోబిన్ రక్తంలోకి వచ్చి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. 1941లో లండన్ మీద బాంబులు పడినప్పుడు శిథిలాల కింద నలిగి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు, తర్వాత మూత్రపిండాలు పాడై చనిపోవటాన్ని డాక్టర్లు నమోదు చేశారు. ఇదీ అదే దారి. మూత్రం రంగు మారినా, ఒళ్లు ఉబ్బినా, నొప్పి రోజురోజుకీ తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా నవ్వుకుంటూ కూర్చోకూడదు. అదృష్టం, ఆ కుర్రాడు కోలుకున్నాడు.

*

నాకు నొప్పి పోయిన ఎనిమిదో రోజు దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ రోజు నుంచీ నాన్నని దించటం నాకు కూడా పనిలా అనిపించటం మానేసింది. వారం కిందట ఇంట్లో అందరికీ నేను కుంటుతున్నట్టు తెలుసు. పక్క ఫ్లాట్ వాళ్లు కూడా అడిగారు. ఎనిమిదో రోజు ఎవరూ అడగలేదు, అడగటానికి ఏమీ కనపడలేదు. మా ఉద్యోగంలో సర్వర్లకి అలారాలు పెడతాం. ఒక అలారం మోగటం ఆగిపోతే దానికి రెండు కారణాలుండొచ్చు. లోడు తగ్గి ఉండొచ్చు, లేదా ఎవరో అలారం మోగే గీతని పైకి జరిపి ఉండొచ్చు. రెండిట్లోనూ స్క్రీన్ మీద కనపడేది ఒకటే పచ్చ రంగు.

అమ్మ నాలుగేళ్లుగా పచ్చ రంగులో ఉంది. వయసు 61. నాన్న బరువు, సార్ల లెక్క ఏవీ మారలేదు. ఆమె కండరాలు సర్దుకున్నాయి. కానీ కండరం సర్దుకున్నట్టు నడుములో డిస్కు సర్దుకోదు, మోకాలి చిప్ప కింద మృదులాస్థి సర్దుకోదు. అవి పులవవు. పీకుతాయి. అమ్మ ఒకటి రెండుసార్లు "నడుం పీకుతాంది" అన్నట్టు గుర్తు. ఆమె పదకోశం ప్రకారమే అది వేరే జాతి నొప్పి, మందు కావాల్సిన జాతి.

అందుకే ఆపరేషన్ విశ్రాంతి పూర్తవగానే మనిషిని పెడదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నాకేం నొప్పి ఉందని? నీకంటే బాగుండాను కదా. మొన్న మూడ్రోజులు నువ్వే కుంటితివి." ఈ వాదనకి జవాబు చెప్పటం కష్టం. నొప్పి ఉన్నవాడు నొప్పి లేనిదాన్ని విశ్రాంతి తీసుకోమంటున్నాడు. నేను సైకిళ్ల కథ చెప్పాను. ఆమె మొత్తం విని "అయితే ఆ వెనక సైకిల్ ఆమెకి కూలి ఎంత ఇచ్చిరి?" అంది. నవ్వులాటకి అన్నదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్న మధ్యలో కల్పించుకుని, మాట తడబడుతున్నా స్పష్టంగానే, "పెట్టు" అన్నాడు. ఆయన బరువు గురించి ఆయన్ని అడగాలని మా ఇద్దరికీ అప్పటిదాకా తట్టలేదు.

నేను అప్పుడప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను కాబట్టి చదివేటప్పుడు కూడా ఇది గుచ్చుకుంటోంది. మన కథల్లో కష్టజీవులకి చెమట ధారాళంగా పడుతుంది. దుక్కి దున్నుతారు, మూటలు మోస్తారు, రాత్రికి ఒళ్లెరక్కుండా నిద్రపోతారు. నేను చదివిన చాలా కథల్లో శ్రమ ఆ నిద్రతో అయిపోతుంది. తెల్లారి మంచం పట్టె పట్టుకుని లేచే నిమిషం అరుదు. మూడో వారంలో, నొప్పి కూడా ఆగిపోయాక, పని ఎలా ఉంటుందో రాసినవి ఇంకా అరుదు. రాయటం కష్టమే. కనపడేది ఏదీ లేనిచోట ఏం వర్ణిస్తాం? కానీ పనిచేసేవాళ్ల రోజుల్లో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది.

చివరికి పగటి పూటకి ఒకతన్ని పెట్టుకున్నాం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, పాతికేళ్లుంటాయి. నాన్న నడుముకి కట్టి పట్టుకోవటానికి పిడులున్న బెల్టు ఒకటి కొన్నాం. రాత్రి పూట, ఆదివారాలు నేనూ అమ్మా పంచుకుంటున్నాం. అమ్మ మొదటి వారం అతని వెనకే నిలబడి "మెల్లగా నాయనా, ఆఖర్న వదలొద్దు" అంటూ ఉంది. అతను వదల్లేదు. నాన్నని ఆఖరి అంగుళం దాకా, గాజు సామాను దించినట్టు దించాడు.

మూడో రోజు నేను అతని నడక చూశాను. మామూలుగానే ఉంది.

"ఒళ్లు నొప్పులేం లేవా?" అని అడిగాను.

"అలవాటైపోయింది సార్."

ఈ మాటకి మనం సాధారణంగా తలూపి వెళ్లిపోతాం. నేను ఇంకొకటి అడిగాను, అలవాటు కావటానికి ఎన్నాళ్లు పట్టిందని.

అతను కాసేపు ఆలోచించాడు. "ముందు చేసిన ఇంట్లో పెద్దాయన తొంభై కిలోలు సార్. మొదటి పది రోజులు మెట్లు దిగడానికి కూర్చుని కూర్చుని దిగేవాణ్ణి. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు." తర్వాత, నాకు ధైర్యం చెప్తున్నట్టు, "ఇక్కడ లిఫ్టుంది కదా సార్" అన్నాడు.